మీకు తెలుసా? పొయ్యి మంట రంగు చెప్పే సంగతి

తమిళనాడులో రాజపాళయం పక్కనున్న సత్రపట్టి బ్యాండేజీ గుడ్డకు పేరుపడ్డ ఊరు. మగ్గాలున్న చోట దూది నూగు గాలిలో తేలుతుంటుంది. అది వంటింటి దాకా వస్తే గ్యాస్ పొయ్యికి చేటే. బర్నర్ కింది గొట్టం మొదట్లో గాలి లోపలికి వెళ్లే సందు ఉంటుంది. అక్కడ నూగు, జిడ్డు పేరుకుంటే గాలి చాలదు. నీలి మంట పసుపుకు తిరుగుతుంది, గిన్నె అడుగు మసిబారుతుంది. గ్యాస్ వృథా కావడమొక్కటే కాదు, వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. రెగ్యులేటర్ కట్టేసి, పొయ్యి చల్లారాక బర్నర్ తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి.

వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. దానికి సొంత వాసన లేదు. మనం పసిగట్టడానికే ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. సిలిండర్ పైభాగంలో పట్టీ లోపలివైపు ‘బి-27’ అని ఉంటే, 2027 జూన్‌లోగా దాన్ని మళ్లీ పరీక్షించాలని అర్థం. సిలిండర్‌ను పొయ్యికి కలిపే సురక్ష ట్యూబును 5 ఏళ్లకోసారి మార్చాలి, పగుళ్లు కనిపిస్తే అంతకు ముందే.

లీకైందనిపిస్తే ఏ స్విచ్చూ వేయకండి, ఆర్పకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చాకే గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.