అసిస్టెంట్ డైరెక్టర్ అవ్వాలనుందా..? కృష్ణానగర్‌లో దిగేముందు ఇవి తెలుసుకోండి!

హీరో నాని ప్రయాణం మొదలైంది దర్శకుడు బాపు దగ్గర క్లాప్ అసిస్టెంట్‌గా. రవితేజ కూడా హీరోగా నిలదొక్కుకోకముందు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశారు. సుకుమార్ శిష్యుల్లో బుచ్చిబాబు సానా 2021లో 'ఉప్పెన'తో, శ్రీకాంత్ ఓదెల 2023లో 'దసరా'తో దర్శకులయ్యారు. ఇలాంటి కథలు విని హైదరాబాద్ కృష్ణానగర్‌కు వచ్చేవాళ్లు ఎందరో. అయితే టాలెంట్ ఉన్నవాళ్లు కూడా మధ్యలోనే తిరిగి ఊరెళ్లిపోతుంటారు. కారణం..? సినిమాకీ సినిమాకీ మధ్య వచ్చే ఖాళీ. ఆ ఖాళీని దాటగలిగినవాళ్లే ఇక్కడ మిగులుతారు.

అసలు పనేంటి?

డైరెక్షన్ టీమ్‌లో పైన కో-డైరెక్టర్, ఆ తర్వాత అసోసియేట్లు, చివర్లో అసిస్టెంట్లు ఉంటారు. కొత్తగా చేరినవాళ్ల చేతికి ముందుగా వచ్చేది క్లాప్ బోర్డు. చూడ్డానికి చిన్న పనే. కానీ దాని మీద సీన్, షాట్, టేక్ నంబర్లు తప్పు పడితే ఎడిటింగ్ రూమ్‌లో తిప్పలే. క్లాప్ కొట్టిన చప్పుడును బట్టే బొమ్మకు, మాటకు జోడీ కుదురుస్తారు. ఏ టేక్ ఓకే, ఏది కాదు అన్నది రిపోర్టులో రాయడమూ ముఖ్యమే.

తర్వాత కంటిన్యూటీ. హీరో చేతికి వాచీ ఏ వైపు ఉంది, చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకున్నాడు, టేబుల్ మీద గ్లాసులో నీళ్లెంత.. అన్నీ గుర్తుపెట్టుకోవాలి. అదే సీన్ మిగతా భాగం నెల తర్వాత తీసినా తేడా కనిపించకూడదు. అందుకే ప్రతి షాట్ అయ్యాక ఫొటో తీసుకోవడం మంచి అలవాటు. ఇవి కాక ఆర్టిస్టులకు డైలాగ్ పేపర్లు ఇవ్వడం, క్యారవాన్ నుంచి పిలుచుకురావడం, జూనియర్ ఆర్టిస్టులను నిలబెట్టడం కూడా ఏడీల పనే. ఉదయం 6 గంటలకు షాట్ అంటే ఏడీ అంతకంటే ముందే లొకేషన్‌లో ఉండాలి.

డబ్బుల సంగతేంటి?

అసలు కష్టం ఇక్కడే. షూటింగ్ ఉన్నన్నాళ్లూ ప్రొడక్షన్ భోజనం, బత్తాతో నెట్టుకురావచ్చు. కథా చర్చల దశలో నెలల తరబడి ఆఫీసుకు తిరిగినా చేతికి ఏమీ రాకపోవచ్చు. షెడ్యూల్ వాయిదా పడితే అంతే సంగతులు. రూమ్ అద్దె మాత్రం ఆగదు.

2025 ఆగస్టులో 30 శాతం వేతనాలు పెంచాలంటూ సినీ కార్మికులు సమ్మె చేశారు. షూటింగులు రెండు వారాలకు పైగా నిలిచిపోయాయి. చివరికి రోజుకు 2 వేల లోపు వేతనం ఉన్నవారికి మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంచేలా ఒప్పందం కుదిరింది. అయితే ఇలాంటి ఒప్పందాలు యూనియన్లు బేరమాడి సాధించుకునేవి. ఇంకా కార్డు లేని కొత్త కుర్రాడి జీతం ఎంతన్నది తనకీ, ప్రొడక్షన్ మేనేజర్‌కీ మధ్య మాటే. అందుకే ఆ మాట ముందే తేల్చుకోవాలి.

నెగ్గుకురావాలంటే..

- చేరేముందే అడగండి: జీతం నెలకా, సినిమా మొత్తానికా? ఎప్పుడిస్తారు? టైటిల్స్‌లో పేరు పడుతుందా? అడగడానికి మొహమాటపడితే తర్వాత బాధపడాల్సి వస్తుంది. మాట్లాడుకున్నది వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గానైనా పెట్టించుకోండి.

- చేతిలో ఇంకో పని ఉంచుకోండి: ఎడిటింగ్, సబ్‌టైటిళ్లు, షార్ట్ ఫిల్మ్‌లు, యూట్యూబ్ ఛానళ్లకు స్క్రిప్టులు.. ఏదో ఒకటి. ఖాళీ నెలల్లో అద్దె కట్టేది ఇదే.

- కథను కాపాడుకోండి: ఎవరికైనా వినిపించే ముందు రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకోండి. 'నా కథ కొట్టేశారు' అన్న గొడవల్లో తేదీతో ఉన్న కాగితమే సాక్ష్యం.

- డబ్బులు అడిగితే అనుమానించండి: ఛాన్స్ ఇప్పిస్తాం, కార్డు ఇప్పిస్తాం అంటూ వ్యక్తిగత ఖాతాకు డబ్బు వేయమంటే వెయ్యొద్దు. కార్డు ఫీజు నేరుగా యూనియన్ ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోవాలి.

- వేధింపులు ఎదురైతే: పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. షూటింగ్ స్పాట్ కూడా పనిచేసే చోటే. మహిళా ఏడీలు ఈ హక్కును గుర్తుంచుకోవాలి.

ఎన్నాళ్లు ఆగాలి?

దీనికి లెక్కేమీ లేదు. ఒక్క సినిమాకే పేరు తెచ్చుకున్నవాళ్లున్నారు, పదేళ్లు తిరిగినవాళ్లూ ఉన్నారు. అందుకే వచ్చేముందు ఆరు నెలల ఖర్చుకు డబ్బు దగ్గరుంచుకోవడం, రెండేళ్లకోసారి ఎక్కడున్నామో చూసుకోవడం మంచిది. క్లాప్ నుంచి కంటిన్యూటీకి, అక్కడి నుంచి అసోసియేట్‌కు వెళ్తున్నారంటే దారి సరైనదే. నాలుగు సినిమాలు చేసినా ఇంకా క్లాప్ బోర్డే చేతిలో ఉంటే టీమ్ మారాల్సిన టైమ్ వచ్చినట్టే. ఒకవేళ ఊరెళ్లిపోవాలనిపించినా అది ఓటమేం కాదు. నేర్చుకున్న పనికి టీవీ, ఓటీటీ, యాడ్స్ రంగాల్లోనూ గిరాకీ ఉంది.