పోటీలో లేని ఇద్దరు

1931 మార్చి 19న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ సెయింట్ జార్జెస్‌లో ఉపఎన్నిక. అభ్యర్థులు ఇద్దరు, ఇద్దరూ కన్జర్వేటివ్‌లే. లేబర్, లిబరల్ పార్టీలు నిలబడనే లేదు. మేఫెయిర్, బెల్‌గ్రేవియాల వంటి సంపన్నుల పేటలున్న సీటు, డిపాజిట్టు దండగ.

అసలు తగువు పార్టీ నాయకుడు స్టాన్లీ బాల్డ్విన్‌కీ, ఇద్దరు పత్రికాధిపతులకీ మధ్య: డైలీ మెయిల్ రోథర్‌మియర్, డైలీ ఎక్స్‌ప్రెస్ బీవర్‌బ్రూక్. ఇద్దరూ లార్డులు, దిగువ సభకు పోటీ చేసే వీల్లేదు. అందుకని ఎర్నెస్ట్ పెటర్ అనే ఇంజన్ల పారిశ్రామికవేత్తను ముందుపెట్టారు. పాపం, ఆ ఎన్నికలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మనిషి అభ్యర్థే.

బీవర్‌బ్రూక్ కోరేది సామ్రాజ్యం బయటి సరుకు మీద, తిండిగింజలతో సహా, సుంకం. రోథర్‌మియర్ మంట ఇండియా మీద. మనకు డొమినియన్ హోదా ఇస్తామన్న వైస్రాయ్ ఇర్విన్‌ను బాల్డ్విన్ సమర్థించాడు. గాంధీ-ఇర్విన్ ఒప్పందం మీద సంతకాలై అప్పటికి సరిగ్గా రెండు వారాలు.

బాల్డ్విన్ పరిస్థితి ఏమంత బాగాలేదు. మార్చి మొదట్లో రాజీనామాకే సిద్ధపడ్డాడు. పార్టీ అనుకున్న అభ్యర్థి, ఈ నాయకుణ్ణి నేను వెనకేసుకు రాలేనని తప్పుకున్నాడు. తన సీటు వదిలి తానే ఇక్కడ నిలబడదామా అని కూడా బాల్డ్విన్ ఆలోచించాడు. చివరికి డఫ్ కూపర్ ముందుకొచ్చాడు.

తండ్రి ఆస్తి కరగదీసిన బాల్డ్విన్ దేశాన్నేం బాగుచేస్తాడని డైలీ మెయిల్ రాసింది. ఆ ఆస్తిలో సుమారు అయిదో వంతు 1919లో ఆయన యుద్ధరుణం తీర్చడానికి ఖజానాకిచ్చిన సంగతి రాయలేదు. పోలింగుకు రెండు రోజుల ముందు, క్వీన్స్ హాలు సభలో బాల్డ్విన్ బదులు తీర్చుకున్నాడు: ఈ పత్రికల యజమానులకు కావలసింది బాధ్యత లేని అధికారం, అది ఏ యుగంలోనైనా వేశ్యకు చెల్లే భోగం అన్నాడు. ఆ మాట అందించింది పెద్దమ్మ కొడుకు కిప్లింగేనని ప్రతీతి. ఇండియా విషయంలో ఈ అన్నదమ్ములకు పడదు. సామెతలు మాత్రం ఇచ్చిపుచ్చుకునేవారన్నమాట.

కూపర్‌కు 17,242 ఓట్లు, పెటర్‌కు 11,532. నెలాఖరుకల్లా బీవర్‌బ్రూక్ పార్టీతో రాజీకొచ్చాడు. బాల్డ్విన్ కుర్చీ నిలిచింది. 1935లో భారత ప్రభుత్వ చట్టం వచ్చేనాటికి ప్రధాని ఆయనే. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు 1937లో ఓటేసింది ఆ చట్టం కిందే.