కిల్టు కట్టినవారికి ప్రవేశం లేదు

పెళ్ళి విందు ముగించుకొని, మిత్రులతో కలిసి గ్లాసెడు బీరు తాగుదామని పబ్బు గుమ్మం ఎక్కిన స్కాట్లండు పెద్దమనిషిని కాపలావాడు ఎగాదిగా చూసి, ఈ వేషంతో లోపలికి రానివ్వబోమని నిలిపివేసిన ఉదంతాలు బ్రిటిషు పత్రికలలో అప్పుడప్పుడు కనబడుతూనే ఉంటాయి. ఆ వేషం మరేమో కాదు. నడుము నుంచి మోకాళ్ళ వరకు మడతలు మడతలుగా వేలాడే గళ్ళ ఉన్ని వస్త్రం, కిల్టు. ఒక్క కిల్టు కుట్టడానికి దాదాపు ఎనిమిది గజాల గుడ్డ పడుతుంది. పెళ్ళిళ్ళకూ పండుగలకూ తప్ప చాలామంది బీరువాలోంచి బయటికి తీయని ఖరీదైన దుస్తు అది. అనగా ఆ మనిషి తనకున్నవాటిలోకెల్లా గౌరవప్రదమైన బట్టలు కట్టుకొని వచ్చినందుకే వెనుదిరగవలసి వచ్చిందన్నమాట.

కాపలావారు చెప్పే కారణాలు పలువిధాలు. మగవారు పంట్లాములు ధరించి రావాలన్న నియమం ఒకటి. ఫుట్‌బాల్ పోటీల నాడు స్కాట్లండు అభిమానులు కిల్టులతోనే గుంపులుగా తరలివస్తారు గనుక గొడవ జరుగుతుందేమోనన్న భయం మరొకటి. కుడి మేజోడులో దోపుకొనే ‘స్కియన్ డూ’ అనే చిన్న కత్తి ఇంకొకటి. ఈ మూడవ అభ్యంతరానికి చట్టం ఏనాడో సమాధానం చెప్పింది. బహిరంగ స్థలాలలో కత్తి కలిగి ఉండడాన్ని నేరంగా పరిగణించిన 1988 నాటి బ్రిటిషు చట్టం, మత కారణాల వల్ల ధరించినా, జాతీయ దుస్తులలో భాగంగా ధరించినా ఆ కారణాన్ని సమర్థనగా చూపవచ్చునని పక్కపక్కనే పేర్కొన్నది. సిక్కుల కృపాణమూ స్కాట్లండువారి స్కియన్ డూ ఆ విధంగా ఒకే ఉపనిబంధన నీడలో తలదాచుకొన్నాయి.

అయినా గుమ్మం తెరవడం, తెరవకపోవడం చాలావరకు యజమాని ఇష్టమే. ఇంగ్లీషు సంప్రదాయ న్యాయం ప్రకారం బాటసారులకు బస ఇచ్చే సత్రం యజమాని సహేతుకమైన కారణం లేకుండా ఎవరినీ కాదనరాదు. కేవలం పానీయాలు అమ్మే పబ్బు యజమానికి ఆ బంధం లేదు, కారణమైనా చెప్పనక్కరలేదు. జాతి, వర్ణం, జాతీయ మూలం వంటి భేదాలు చూపరాదన్న చట్టాలే అతని చేతులు కొంతవరకు కట్టివేశాయి. పాఠశాలలో తలపాగా ధరించనివ్వని ఒక సిక్కు బాలుని పక్షాన 1983లో ప్రభువుల సభ తీర్పు ఇచ్చింది. ఇంగ్లీషువారు, స్కాట్లండువారు వేర్వేరు జాతీయ మూలాలు కలవారేనని ఎడింబరోలోని సెషన్ కోర్టు అంగీకరించింది. కాని గుమ్మం వద్ద నిలబడినవాడు ఈ తీర్పులన్నీ జేబులో పెట్టుకొని తిరగడు కదా! పైగా కిల్టుకు జేబులే ఉండవు. ముందువైపు వేలాడే తోలుసంచియే దిక్కు.

ఒకప్పుడు ఈ దుస్తును తిరస్కరించినది పబ్బు కాదు, సాక్షాత్తు పార్లమెంటు. స్కాట్లండు ఉత్తరాన ఉన్న కొండసీమ హైలాండ్సు. అక్కడి తెగలవారు పూర్వం పొడవైన ఉన్ని దుప్పటిని నడుముకు చుట్టి, మిగిలిన చెంగును భుజంపై వేసుకొనేవారు. పగలు అదే వస్త్రం, రాత్రి అదే పడక. ‘కిల్టు’ అన్న మాటకు మూలార్థం పైకి ఎగగట్టడమని నిఘంటుకారులు చెబుతారు. పొలంలో దిగే మన రైతు పంచెను ఎగగట్టడం వంటిదే.

1745లో పదవీచ్యుత స్టువర్టు వంశపు రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డ్ సింహాసనం కోసం తిరుగుబాటు చేసినప్పుడు ఈ కొండవారిలో అనేకులు అతని వెంట నడిచారు. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ మైదానంలో వారి బలం చితికిపోయింది. లండన్ ప్రభుత్వం ఆయుధాలు లాక్కోవడంతో తృప్తిపడక, ఆ దుస్తులను కూడా నిషేధించింది. కిల్టుతో పట్టుబడిన పురుషునికి గాని బాలునికి గాని మొదటిసారి ఆరు నెలల చెర. రెండవసారి ఏడేళ్ళ పాటు సముద్రాల కావలి తోటలకు ప్రవాసం.

ఆ శాసనంలో ఒక మినహాయింపు ఉంది. రాజు సైన్యంలో చేరినవారికి నిషేధం వర్తించదు! స్వగ్రామంలో కట్టుకొంటే నేరమైన గుడ్డ, రాజు కోసం ప్రాణాలివ్వడానికి కట్టుకొంటే అలంకారమైంది. 1782లో నిషేధం రద్దయ్యేనాటికి ఒక తరమంతా పంట్లాములకు అలవాటుపడిపోయింది. కిల్టును సజీవంగా ఉంచినవి ప్రధానంగా హైలాండ్ పటాలాలే. 1857 నవంబరులో లక్నో సికందర్‌బాగ్‌పై విరుచుకుపడి, సుమారు రెండు వేల మంది సిపాయిలను హతమార్చిన బ్రిటిషు సేనలలో కిల్టులు ధరించిన 93వ హైలాండర్ల పటాలం ముందున్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో అదే కిల్టు కట్టినవారికి శాపమైంది. బురదలో తడిసిన ఉన్ని అంచు చలికి గడ్డకట్టి మోకాళ్ళ వెనుక చర్మాన్ని కోసేది. మడతలలో పేలు చేరేవి.

రాజుగారు స్వయంగా కట్టిన ముచ్చట వేరొకటి. 1822లో నాలుగవ జార్జి ఎడింబరో సందర్శించినప్పుడు, ఉత్సవ నిర్వాహకుడైన నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆయనను కిల్టులో చూపించాడు. స్థూలకాయుడైన రాజు మోకాళ్ళు కనబడకుండా లోపల చర్మం రంగు మేజోళ్ళు తొడిగారు. నాటి వ్యంగ్యచిత్రకారులకు అంతకంటె ఏం కావాలి?

మోకాళ్ళ ప్రసక్తి నూరేళ్ళు దాటాక మళ్ళీ వచ్చింది, ఈసారి మన గాంధీమహాత్ముని మూలంగా. 1931 నవంబరులో రౌండ్ టేబుల్ సమావేశ ప్రతినిధులకు బకింగ్‌హామ్ రాజప్రాసాదంలో తేనీటి విందు ఇవ్వవలసి ఉండగా, సరైన బట్టలు లేకుండా మోకాళ్ళు చూపుతూ వచ్చే మనిషిని పిలవడానికి అయిదవ జార్జి మొదట ససేమిరా అన్నాడట. ఈ సంగతి నాటి భారత వ్యవహారాల మంత్రి శామ్యూల్ హోర్ తన జ్ఞాపకాలలో రాశాడు. స్కాట్లండులోని తన బాల్మొరల్ కోటలో మోకాళ్ళు కనబడేట్టు కిల్టు కట్టి తిరిగే రాజు ఆయన! చివరకు గాంధీజీ చిన్న అంగవస్త్రంతో, శాలువాతో, చెప్పులతోనే విందుకు వెళ్ళారు.

దొరల పాలన 1947లో ముగిసినా దొరల క్లబ్బుల నియమాలు మిగిలిపోయాయి. 2014 జూలై 11న చెన్నైలో, క్రికెట్ సంఘానికి చెందిన ఒక క్లబ్బులో జరిగే పుస్తకావిష్కరణకు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంతామన్ పంచెకట్టుతో వెళ్ళారు. అక్కడివారు ఆయనను, అదే కట్టుతో వచ్చిన న్యాయవాదులను లోపలికి రానివ్వలేదు. ఇతరులకు న్యాయం చెప్పే అధికారం ఉన్నా, తన నడుమున ఉన్న గుడ్డకు ఆయన ఆ గుమ్మం వద్ద న్యాయం సంపాదించలేకపోయారు. శాసనసభ దద్దరిల్లింది. ఆగస్టులోనే తమిళనాడు ప్రభుత్వం చట్టం చేసింది. దుస్తుల కారణంగా పంచె కట్టినవారిని అడ్డగించిన సంస్థల బాధ్యులకు ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల వరకు జరిమానా; సంస్థ అనుమతిపత్రం కూడా రద్దు కావచ్చు.

పొరుగు రాష్ట్రంలో ఆ పాఠం అందరికీ చేరినట్లు లేదు. 2024 జూలైలో బెంగుళూరులోని ఒక మాల్‌కు కొడుకుతో కలిసి సినిమా చూడవచ్చిన వృద్ధ రైతును, పంచె కట్టాడని కాపలావారు ఆపారు. చేతిలో టిక్కెట్టు ఉన్నది. కొడుకు ఆ దృశ్యాన్ని చిత్రించి లోకానికి చూపడంతో కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ను వారం రోజులు మూయించింది.

తమిళనాడు చట్టంలోని మాటలలో ఒక విశేషం ఉంది. తమిళ సంస్కృతిని ప్రతిబింబించే పంచెకు, మరే ఇతర భారతీయ సంప్రదాయ దుస్తులకైనా అది రక్షణ కల్పిస్తున్నది. మనవైపు నుంచి వెళ్ళిన గోచీపంచెకూ అభయమే. కాని స్కాట్లండు నుంచి వచ్చిన అతిథి ఎవరైనా కిల్టుతో చెన్నై క్లబ్బు గుమ్మం ఎక్కి, అక్కడ నిలిచిపోతే, ఆ చట్టం అతనికి అక్కరకు రాదు.