నడుముకు పిస్టల్ సరే... ఇంట్లో సేఫ్ ఉందా?

టెక్సస్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ల నుంచి నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: "అన్నా, ఒక గన్ కొందామనుకుంటున్నా, ఏది మంచిది?" రాత్రిళ్లు స్టోర్ నడిపేవాళ్లు అడుగుతారు, సెలవులొస్తే కొండలెక్కేవాళ్లూ అడుగుతారు. మోడల్ సంగతి తర్వాత, నేను ముందు అడిగేది ఒకటే: "నీ స్టేటస్ ఏంటి తమ్ముడూ?"

హెచ్-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కానీ వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ని అడగాల్సిందే. సరదా కోసం వీసాని పణంగా పెట్టొద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు.

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ వెంట తీసుకెళ్లొచ్చు. అలాగని బార్లలోకి, స్కూళ్లలోకి పట్టుకెళ్తే కుదరదు. రాష్ట్రం సరిహద్దు దాటితే రూల్సూ మారిపోతాయి.

ఇక ఎంపిక. చొక్కా కింద దాచుకోవాలంటే బరువు, మందం చూడాలి. గ్లాక్ 19లో 15 తూటాలు పడతాయి, ఖాళీ మ్యాగజైన్‌తో బరువు సుమారు 670 గ్రాములు. సిగ్ పి365 లో 10 తూటాలు, బరువు 500 గ్రాములు. స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్‌లో అయిదే తూటాలు, బరువు 400 గ్రాముల పైచిలుకు.

"చిన్నగా ఉంది కదా, మా ఆవిడకి అదే కొనిస్తా" అంటుంటారు చాలామంది. గన్ తేలికయ్యేకొద్దీ పేల్చినప్పుడు వెనక్కి గట్టిగా తంతుంది. చెయ్యి నొప్పెడితే సాధన మానేస్తారు. సాధన లేని గన్ ఉన్నా లేనట్టే! అందుకే ముందు రేంజ్‌లో రెండు మూడు రకాలు అద్దెకు తీసుకుని పేల్చి చూడండి. దానితోపాటు ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేసే గట్టి హోల్‌స్టర్ కొనండి. హ్యాండ్‌బ్యాగులో తాళాలతో పాటు గన్ పడేయడం ప్రమాదం.

అడవుల్లో తిరిగేవాళ్ల లెక్క వేరు. ఎలుగుబంట్లు ఉండేచోట .357 మాగ్నమ్, 10 ఎం.ఎం. లాంటి బలమైన తూటాలు పేల్చే బరువైన గన్‌లు వాడతారు. అవి రోజూ చొక్కా కింద దాచుకునేవి కావు. రెండు పనులకీ ఒకే గన్ సరిపోవడం కష్టం. 2010 నుంచి నేషనల్ పార్కుల్లోకి ఆయా రాష్ట్రాల చట్టం ప్రకారం గన్ తీసుకెళ్లొచ్చు. అయినా ఎల్లోస్టోన్ అధికారులు వెంట ఉంచుకోమనేది బేర్ స్ప్రేనే. హైకింగ్‌కని అడిగినవాళ్లకి నేనూ ముందు అదే కొనమంటాను.

చివరిగా అసలు సంగతి. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. గన్ నా ఒంటి మీద లేదంటే సేఫ్‌లోనే ఉంటుంది. లోడ్ చేసిన గన్‌ని 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా అజాగ్రత్తగా వదిలేస్తే టెక్సస్‌లో నేరం. చట్టం మాట అటుంచితే, బీరువాలో చీరల కింద దాచింది పిల్లలకి దొరకదనుకోవడం భ్రమ. వాళ్లకి మన ఇంట్లో తెలియని మూల ఉండదు.

సేఫ్ కొనడానికి డబ్బుల్లేకపోతే, గన్ కొనడానికీ లేనట్టే లెక్క.