పన్నెండు మెట్ల కిన్నెర

అడవిలో పెరిగిన వెదురుబొంగు, తీగపై పండి యెండిన సొరకాయ, తేనెపట్టునుండి తీసిన మైనము. విడివిడిగా చూచినచో ఇవి సామాన్య వస్తువులు. వీనినన్నిటిని నేర్పుతో కూర్చి, పైన తంత్రులు బిగించినచో అది కిన్నెర యగును. నల్లమల అడవి నానుకొనియున్న నాగర్‌కర్నూలు, దానికి చేరువనున్న వనపర్తి, గద్వాల ప్రాంతములు పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. 2016లో వేరు జిల్లాలైనవి. ప్రజలు పాలమూరని పిలుచు ఈ సీమలో కిన్నెర పాట తరతరములుగా వినబడుచున్నది.

కిన్నెర ప్రాచీన వాద్యము. పాల్కురికి సోమనాథుడు రచించిన బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య యను శివభక్తుని కథ కలదు. తెలంగాణమున డక్కలి కులమువారు ఈ వాద్యమును మీటుచు, ఊరూర తిరిగి వీరుల కథలు పాడుచు వచ్చిరి.

తంత్రి యొంటరిగా మ్రోగినచో ధ్వని మిక్కిలి సన్నగా నుండును. సన్నని తంత్రి కదలికకు చుట్టునున్న గాలి అంతగా కదలదు. ఆ కంపనము వెదురు దండి గుండ సొరబుర్రకు చేరినపుడు బుర్రయు, దానిలోని గాలియు కంపించి ధ్వనిని పెంచును. అందుచేతనే దండికి బుర్రలను కట్టుదురు. కాయను బాగుగ ముదురనిచ్చి, ఎండబెట్టి, లోని గుజ్జును, గింజలను తీసివేసిన పిమ్మటనే అది పనికివచ్చును. పచ్చి బుర్ర పలుకదు.

దండిపై వరుసగా నిలిపిన చిన్న దిమ్మలకు మెట్లని పేరు. వ్రేలితో తంత్రిని మెట్టుపై నొక్కినచో కంపించు భాగము పొట్టిదగును. అది పొట్టిదైన కొలది స్వరము హెచ్చును. తంత్రి పొడవు సరిగా సగమైనచో అదే స్వరము పై స్థాయిలో పలుకును. కాబట్టి మెట్టు వెండ్రుకవాసి జరిగినను స్వరము తప్పును. మెట్లను మైనముతో నిలుపుటలోని తెలివి ఇదియే. మైనము వేడికి మెత్తబడి, చల్లారిన పిదప గట్టిపడును. తప్పిన మెట్టును మరల సరిదిద్దుకొనవచ్చును.

ఈ నేర్పు కిన్నెర కొక్కదానికే చెందినది కాదు. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలోని శిల్పులు ఒకే పనస మానునుండి ఏకాండి వీణను మలచుదురు. వీణకుగల 24 మెట్లును మైనముమీదనే నిలుచును. పశ్చిమ దేశములవారు ఫిడేలు వెనుక పలకను మేపుల్ కొయ్యతోను, ముందు పలకను స్ప్రూస్ కొయ్యతోను చేయుదురు. ఎక్కడనైనను నియమమొక్కటే. తమ నేలపై పెరిగిన చెట్లలో ఏది పలుకునో ఎరిగి, దాని తడి ఆరువరకు ఓపిక పట్టవలెను. పచ్చి కొయ్యతో చేసిన వాద్యము ఎండినపుడు ముడుచుకొని పగులును. గాలివానకు కూలిన చెట్టు సైతము అట్టి ఓర్పు గలవాని చేతబడినచో, పొయ్యిలో కట్టె గాక వాద్యమై నిలుచును.

పూర్వము కిన్నెర మెట్లకు అలుగు అను జంతువు పెంకులను వాడెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అలుగును వేటాడుట నేరము. ఇది న్యాయమే, ఒక జాతి నశించినచో దానిని మరల సృష్టింప నెవరితరమును గాదు. దీనివలన కిన్నెరకు కీడు కలుగదు. మెట్టు గట్టిగా నుండి, ఉన్నచోట కదలక నిలిచినచో చాలును. ఆ గుణముగల వేరొక పదార్థము దొరకును. వాద్యమునకు ప్రాణము పెంకులో లేదు. మెట్టు నిలువవలసిన తావు నెరిగిన చెవిలో నున్నది.

అట్టి చెవి దొరకుటయే కష్టము. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథ మొదలగువానిని పాడి ప్రసిద్ధి కెక్కెను. సాయన్న ధనికులను దోచి పేదలకు పంచిన వీరుడని పాలమూరు ప్రజలు చెప్పుకొందురు. 2022లో భారత ప్రభుత్వము మొగులయ్యకు పద్మశ్రీ పురస్కారము ప్రకటించినది. ఆ గౌరవముతో కిన్నెర పేరు దేశమంతట వినబడెను. కాని పేరు వినుట వేరు, విద్య నేర్చుట వేరు. ఈ విద్య పుస్తకములలో వ్రాసి పెట్టినది కాదు. పెద్దల చెంత కూర్చుండి, చూచి, విని నేర్చుకొనవలసినది.

వెదురు నరికినను మరల మొలచును. సొరతీగ ఏటేట కాయును. నేర్చువారు లేని విద్య మాత్రము మరల మొలవదు. కావున ఇట్టి కళలను ఆదరించి, నేర్చి, ముందు తరమునకు అందించుట మన కర్తవ్యము.