సముద్రం దాటిన వెలుగు గోడ దగ్గర ఆగరాదు

చెన్నై తీరంలో బయలుదేరి, బంగాళాఖాతం అడుగున సాగి, అండమాన్ నికోబార్ దీవులను చేరే ఒక తీగ ఉన్నది. దాని గర్భంలో వెంట్రుకంత సన్నని గాజుపోగులున్నాయి. వాటిలో సమాచారాన్ని మోసుకుపోయేది విద్యుత్తు కాదు, వెలుగు. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగిన ఈ మార్గాన్ని 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. మొత్తం పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టు బ్లెయిరే గాక స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ కూడ దీనితో ప్రధాన భూభాగానికి ముడిపడ్డాయి.

ఇంత దూరం వచ్చిన వెలుగు తీరా ఆఖరి ముప్పై అడుగులలో, అంటే మన ఇంటి గోడల మధ్య, చతికిలబడడం కద్దు. ముందుగదిలో చక్కగా కనిపించే పాఠం పడకగదిలో ఆగి ఆగి వస్తుంది. ఇంటివారు సముద్రాన్నీ, సర్కారునూ నిందిస్తారు. అసలు దోషం చాలాసార్లు బల్ల మీది చిన్న పెట్టెను ఉంచిన చోటులో ఉంటుంది. ఆ పెట్టె పేరు రౌటర్. దానిని సరిగా అమర్చుకోవడానికి ఇంజనీరు కానక్కరలేదు. ఒక సాయంకాలపు తీరిక చాలు.

దీవిలో వార్త విలువ

2011 జనాభా లెక్కల నాటికి ఈ దీవుల జనసంఖ్య సుమారు 3,80,000. వారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపలవేటకు వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి. పుట్టిన ఊరికి రావాలంటే ఓడలో రోజుల తరబడి ప్రయాణం. అటువంటివారికి కబురు అందడమంటే కేవలం కాలక్షేపం కాదు.

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడి టెలిఫోన్లు మూగవోయిన వేళ, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షాన అప్పటికే పోర్టు బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్, ఆమె సహచరులు తమ హామ్ రేడియోల ద్వారా క్షేమసమాచారాలు చేరవేశారు. దీవికి వార్త ఎంత అవసరమో ఆనాడు దేశమంతా చూసింది.

సముద్రగర్భపు తీగ రాకమునుపు దీవులు ఉపగ్రహం మీదనే ఆధారపడేవి. ఆ ఉపగ్రహం భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకి వెళ్ళి కిందికి దిగాలి. జవాబు కూడ అలాగే తిరిగి రావాలి. వెలుతురు వేగంతో పోయినా దీనికి దాదాపు అర సెకను పడుతుంది. గాజుపోగులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన చెన్నైకి వెళ్ళి రావడానికి సెకనులో యాభయ్యో వంతు కూడ పట్టదు. ఈ లాభాన్ని ఇంటిలో పోగొట్టుకోరాదు.

పెట్టె చేసే పని

ఇంటికి వచ్చిన గాజుపోగు మొదట ఓ.ఎన్.టి. అనే పరికరంలో ప్రవేశిస్తుంది. అది వెలుగును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. అక్కడి నుంచి రౌటర్ పని మొదలవుతుంది. నేడు చాలా ఇళ్ళలో ఈ రెండూ ఒకే పెట్టెలో ఉంటున్నాయి.

రౌటర్‌ను పెద్ద ఉమ్మడి కుటుంబపు తపాలా చూసే మనిషితో పోల్చవచ్చు. బయటి లోకానికి ఇంటి చిరునామా ఒక్కటే. లోపల ఫోనులు, కంప్యూటరు, టెలివిజను ఎన్నో ఉంటాయి. ఎవరు ఏ ఉత్తరం వ్రాశారో గుర్తుంచుకొని, వచ్చిన జవాబును వారికే అందించడం దాని విధి.

తీగ లేకుండా ఈ పంపిణీ చేసే విద్య మొదట వికసించినది కూడ దీవులలోనే కావడం విశేషం. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులలో విశ్వవిద్యాలయపు కంప్యూటర్లను కలపడానికి ఆచార్య నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో అలోహానెట్ అనే రేడియో వ్యవస్థను నడిపింది. దాని సూత్రం సులభం: చెప్పవలసినది చెప్పు, అందినట్లు జవాబు రాకపోతే కొంతసేపు ఆగి మళ్ళీ చెప్పు. నేటి వై-ఫై ఆ భావానికి సంస్కరించిన రూపం. అది మాట్లాడబోయే ముందు ఇతరులు మాట్లాడుతున్నారేమో విని మరీ మొదలుపెడుతుంది. అందుచేతనే ఇరుగుపొరుగుల పెట్టెలు ఎక్కువైన కొద్దీ మన వంతు ఆలస్యమవుతుంది.

తగిన చోటు

రౌటర్ నుంచి వెలువడేవి రేడియో తరంగాలు. అవి దీపపు వెలుగువలె చుట్టూ పరుచుకుంటాయి. దీపాన్ని బీరువా వెనుక దాచము; దీనినీ దాచరాదు. ఇంటి మధ్యభాగంలో, మనిషి భుజమంత ఎత్తున, తెరిపిగా ఉంచాలి. లోహం తరంగాలను తిప్పికొడుతుంది. కనుక రేకు గోడలు, ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం దానికి విరోధులు. నీటితొట్టె తరంగాలను మింగేస్తుంది. కొయ్య గోడ తరంగాన్ని చాలావరకు పోనిస్తుంది. ఇనుప ఊచలున్న కాంక్రీటు గోడ అడ్డుకుంటుంది.

నేటి రౌటర్లలో చాలావాటికి రెండు గొంతులున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ గొంతు దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ గొంతు వేగవంతమైనది, కాని గోడలకు త్వరగా అలసిపోతుంది. ఒకే గదిలో ఉన్న టెలివిజనుకు, కంప్యూటరుకు రెండవది; దూరపు గదిలోని ఫోనుకు మొదటిది అనుకూలం. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానళ్ళు ఒకదానితో ఒకటి కలియవు. పొరుగువారు వాడని దానిని ఎంచుకోవడం మేలు.

తాళం మరవరాదు

2008 జులై 26న అహ్మదాబాదు పేలుళ్ళకు ముందు వచ్చిన బెదిరింపు ఈ-మెయిల్ నవీ ముంబయిలోని ఒక విదేశీయుని ఇంటి వై-ఫై ద్వారా వెలువడింది. ఆ గృహస్థుకు దానితో సంబంధం లేదు. తాళం లేని వై-ఫై ఎంత ప్రమాదమో ఈ ఉదంతమే సాక్ష్యం.

రౌటర్ అడుగున అతికించిన చీటీపై దాని లోపలి చిరునామా ఉంటుంది. తరచుగా అది 192.168.1.1. ఫోనునో కంప్యూటరునో రౌటర్‌కు కలిపి, బ్రౌజరులో ఆ అంకెలు కొడితే అమరికల పుట తెరుచుకుంటుంది. అక్కడ చేయవలసిన పనులు నాలుగు. ఒకటి, పెట్టెతో వచ్చిన నిర్వాహక పాస్‌వర్డును మార్చడం. రెండు, వై-ఫైకి వేరొక పొడుగాటి పాస్‌వర్డు పెట్టి, డబ్ల్యు.పి.ఎ.2 లేదా డబ్ల్యు.పి.ఎ.3 రక్షణను ఎంచుకోవడం, పాతదైన డబ్ల్యు.ఇ.పి. ఏనాడో ఛేదింపబడింది. మూడు, డబ్ల్యు.పి.ఎస్. అనే మీట సౌకర్యాన్ని ఆపివేయడం. నాలుగు, పెట్టెలోని సాఫ్ట్‌వేరును తాజా పరచడం. అతిథుల కోసం వేరే పేరు ఏర్పరచే వీలుంటే, మీ సొంత పాస్‌వర్డు ఊరంతా తెలియనక్కరలేదు.

వాన, ఉరుము, కరెంటు

పోర్టు బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. గాలిలో తేమ, ఉప్పు ఎప్పుడూ ఉంటాయి. పెట్టెను కిటికీ పక్కన, వంటింటి ఆవిరిలో ఉంచరాదు. ఉరుములు మెరుపులు మొదలైతే అడాప్టర్‌ను గోడ నుంచి ఊడదీయాలి. గాజుపోగు విద్యుత్తును మోయదు కాని కరెంటు తీగ మోస్తుంది. కరెంటు పోయే ఊళ్ళలో రౌటర్‌కు సరిపడే చిన్న బ్యాటరీ పెట్టె ఉంటే మాట మధ్యలో తెగదు. గాజుపోగును ఎన్నడూ మడిచి కట్టరాదు, దాని కొనలోకి కన్ను పెట్టి చూడరాదు.

తప్పు ఎక్కడ?

వేగం తగ్గినప్పుడు నింద వేసేముందు ఒక పరీక్ష చేయండి. కంప్యూటరును లాన్ తీగతో నేరుగా రౌటర్‌కు కలిపి వేగం కొలవండి. తరువాత తీగ తీసి, వై-ఫైతో, అదే గదిలోనూ ఆపై దూరపు గదిలోనూ కొలవండి. తీగతో బాగుండి వై-ఫైలో తగ్గితే దోషం ఇంటిలోనిది. పెట్టె చోటు మార్చండి, పెద్ద ఇల్లయితే రెండవ గదికి తీగ లాగి మరో పరికరం పెట్టండి. తీగతో కూడ తగ్గితే, లేదా ఎల్.ఓ.ఎస్. అనే ఎర్రదీపం వెలిగితే, సేవాసంస్థకు ఫిర్యాదు చేయండి. ఆ కొలతలను తేదీ, వేళలతో వ్రాసి ఉంచుకుంటే మీ ఫిర్యాదుకు బలం చేకూరుతుంది.

సముద్రగర్భంలోని తీగ తెగితే బాగుచేయడానికి ఓడలు కదలాలి. ఇంటిలోని ముప్పై అడుగులను బాగుచేయడానికి గృహస్థు ఒక్కడు చాలు. అవతల దూరపు గదిలో పాఠం వినే పిల్లవాడికీ, శ్రీకాకుళంలోని తల్లి ముఖం చూడాలని కూర్చున్న జాలరికీ తేడా తెచ్చేది ఆ ముప్పై అడుగులే.