తొలి ఊటకలము: గృహిణులు దాని నెట్లు ఎన్నుకొనవలెను?

ప్రతి గృహమునందును వస్తువులకు యజమానులు గలరు. పోపులపెట్టె ఇల్లాలిది, పడకకుర్చీ పెద్దవారిది, పుస్తకములసంచి పిల్లలది. కలమును గూర్చి మాత్రము ఈ ప్రశ్న వేసినచో అనేక గృహములలో జవాబు చిక్కదు. పాలవాని లెక్క వ్రాయవలసి వచ్చినను, డ్వాక్రా సంఘపు పుస్తకములో సంతకము చేయవలసి వచ్చినను, ఇల్లాలు పిల్లవాని సంచి వెదకుటయో, క్యాలెండరునకు దారముతో వ్రేలాడగట్టిన బాలుపెన్నును విదలించుటయో జరుగుచున్నది. చదువు నేర్చిన చేతికి తనదని చెప్పుకొనదగిన కలము లేకుండుట చిన్న కొరతగా తోచును గాని, మా అభిప్రాయమున అది చిన్నది కాదు. సాధనమును వెదకుకొనవలసిన వారు వ్రాతనే వాయిదా వేయుదురు. వాయిదా పడిన వ్రాత క్రమముగా మరపున పడును.

కావున ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములందును, కొల్లేటి చుట్టుపట్ల గ్రామములందును ఉన్న మా సోదరీమణులు తమ మొదటి ఊటకలమును, అనగా ఫౌంటెను పెన్నును, కొద్ది వ్యయముతో నెట్లు ఎన్నుకొనవచ్చునో ఇచ్చట వివరింపదలచితిమి. మా సిద్ధాంతమును మొదటనే చెప్పుచున్నాము: తొలి కలమునకు వన్నె ముఖ్యము గాదు, పేరు ముఖ్యము గాదు. అది మీ చేతికి అమరవలెను. చెడినచో సులువుగా బాగుపడవలెను. అన్నిటికంటె మిన్నగా, అది మీదై యుండవలెను.

బాలుపెన్ను ఉండగా ఇది యేల?

కొద్ది రూపాయలకే బాలుపెన్ను దొరకుచుండగా సిరా పోసికొను కలమేల యని కొందరడుగవచ్చును. బాలుపెన్ను మొనలో చిన్న గుండు గలదు. చిక్కని సిరాను ఆ గుండు దొర్లుచు కాగితమున కంటించును. అందుచే కొంత నొక్కినగాని అది వ్రాయదు. రెండు పుటలు నిండునప్పటికి బొటనవ్రేలును, మణికట్టును నొచ్చును. చాలకాలమునకు మరల వ్రాత మొదలిడిన స్త్రీలకు ఈ బాధ మరింత తెలియును. ఊటకలమునకు తన బరువే చాలును. ముగ్గు వేయు చేయి నేలను నొక్కదు గదా! వ్రేళ్ళ సందున పిండి జారుచుండగా చేయి తేలికగా సాగిపోవును. ఊటకలముతో వ్రాయుటయు అట్టిదే. ముగ్గు వచ్చిన చేతికి ఈ విద్య సగము వచ్చినట్లే.

ఐనను ఊటకలము కొన్నంతనే దస్తూరి ముత్యములవలె నగునని మేము చెప్పము. దస్తూరి సాధనవలననే కుదురును. మరియు గడులు నింపెడి పరీక్షపత్రములకును, క్రింద కార్బను కాగితము పెట్టి నకలు తీయవలసిన రసీదులకును బాలుపెన్నే తగును. రెండు కలములును ఇంట నుండవచ్చును. దేని పని దానిది.

గంటమునుండి ఊటకలమువరకు

మన పూర్వులు తాటియాకుపై గంటముతో గీచి, ఆ గీతలకు మసి పట్టించి చదువుకొనిరి. కాగితము వచ్చిన పిదప కలమును బుడ్డిలో ముంచుచు వ్రాసిరి. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి సిరాను ఇంటనే చేసికొనిరి. సిరాను తనలోనే ఉంచుకొను కలమునకు 1827వ సంవత్సరమున పెట్రాకే పొయెనారు అను రుమేనియా దేశీయుడు ఫ్రాన్సులో హక్కుపత్రము పొందెను. కాని సిరా ఒకమారు చాలక, ఒకమారు పొంగి అట్టి కలములు చిక్కు పెట్టుచుండెను. 1884లో న్యూయార్కునందు వాటర్మన్ అను నతడు పాళీక్రింది నాలికకు సన్నని గాడులు తీర్చి, సిరా దిగుటకును గాలి లోనికి పోవుటకును దారి కల్పించి హక్కుపత్రము పొందెను. దీపపు వత్తి నూనెను తనంతట తాను పైకి పీల్చునట్లే, ఆ సన్నని గాడి సిరాను పాళీ మొనకు తెచ్చును. నేటి ఊటకలములన్నియు ఈ కిటుకుమీదనే నడచుచున్నవి.

ఈ విద్య మన గోదావరి తీరమునకును వచ్చినది. ఏలూరిలో రైలెక్కి తాడేపల్లిగూడెము, నిడదవోలు, కొవ్వూరు దాటి గోదావరి వంతెన గడచినచో, నూరు కిలోమీటర్ల లోపుననే రాజమహేంద్రవరము వచ్చును. అచ్చట కె.వి. రత్నముగారు గాంధీమహాత్ముని స్వదేశీ ప్రబోధమువలన 1932లో కలముల పరిశ్రమను స్థాపించిరి. ఆయన చేసిన కలము గ్రామపరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్పగారి మూలమున గాంధీగారికి చేరెను. 1935 జూలైలో మహాత్ముడు వ్రాసిన జాబులో, తాను దానితో వ్రాసితిననియు, బజారులో కానవచ్చు విదేశపు కలములకు బదులుగా అది చక్కగా పనికివచ్చునట్లున్నదనియు తెలిపిరి. ఆ పట్టణముననే పిదప గైడరు కలములును వెలసినవి. రబ్బరును గంధకముతో కలిపి వేడిచేయగా ఏర్పడు ఎబొనైటు అను గట్టి పదార్థమును తరిమెనపై చేతితో తిప్పి చేయు ఇట్టి కలములు మన ప్రాంతపు గర్వకారణము. కాని చేతిపని కలమునకు చేతిపని వెలయే యుండును. వ్రాత అలవడిన పిదప, మీ చేతికి తగిన లావును పాళీని చెప్పి చేయించుకొనుటకు దానిని రెండవ కలముగా ఉంచుకొనుడు.

కొనునపుడు చూడవలసినవి

మొదటిది పాళీ. వంద రూపాయలకు అటునిటుగా మన దేశమున తయారైన ఉక్కుపాళీ కలములు దొరకుచున్నవి. ఆరంభమున అవి చాలును. బంగారుపాళీ సిరాకు చెడదు, కొంత మెత్తగా వంగును. కాని దాని మొనకును ఉక్కుపాళీ మొనకును వేరొక గట్టి లోహమునే అతుకుదురు. కాగితమును తాకునది ఆ మొనయే. తుప్పు పట్టని ఉక్కు కలముతో జాగ్రత్తగా ఏండ్లు వ్రాయవచ్చును.

పాళీలలో సన్నము, మధ్యమము, లావు అను భేదములు గలవు. పెట్టెపై వానిని ఎఫ్, ఎం, బి అను గుర్తులతో తెలుపుదురు. మన తెలుగక్షరములు గుండ్రనివి. వానికి తలకట్లు, గుడులు, క్రింద వత్తులును గలవు. లావుపాళీతో ‘ఘ’, ‘ఝ’ అక్షరముల పొట్టలు మూసికొనిపోవును. ‘స్త్రీ’ అని వ్రాసినచో క్రిందివరుసను తాకును. కావున గీతల పుస్తకమున తెలుగు వ్రాయువారు సన్నపాళీనే కోరుట మేలు. జపాను దేశపు సన్నపాళీ యూరపు సన్నపాళీకంటె ఇంకను సన్నము. అది తొలి చేతికి కొంత గీరుకొనవచ్చును.

రెండవది కాయము. పూర్తి లోహపు కలము చూపునకు ఘనముగా నుండును గాని బరువునకు వ్రేళ్ళు అలయును. పట్టుకొను భాగము మరీ నునుపైనచో చెమటకు జారును. మరీ సన్ననిదైనచో వ్రేళ్ళు బిగియును. మూత సంగతి స్త్రీలు ప్రత్యేకముగా గమనింపవలెను. కలమునకు కొక్కెము పురుషుల చొక్కాజేబు కొరకు ఏర్పడినది. మన కలము చేతిసంచిలోనో, పెట్టెలోనో, అలమరలోనో ఉండును. కావున కొక్కెముకంటె బిగువైన మూతయే మనకు ప్రయోజనము. మర తిప్పి బిగించు మూత ప్రయాణమున ఊడదు. రోహిణీకార్తె ఎండలలో పాళీ ఎండిపోకుండ కాపాడును.

మూడవది సిరా నింపు పద్ధతి. ఫిల్లరుతో గొట్టములోనే పోసికొనునవి చౌక, చాల సిరా పట్టును, చెడు భాగములు తక్కువ. వీనికి ఒక దోషము గలదు. సిరా తరిగినపుడు లోపలి గాలి చేతివేడికి వ్యాకోచించి, సిరాను చుక్కలుగా త్రోయును. కావున నాలుగవ వంతు మిగిలినపుడే మరల నింపుకొనవలెను. లోపల చిన్న పీల్చుగొట్టము గల కలములు ఈ చిక్కు పెట్టవు. సిరా కొంచెమే పట్టినను నిత్యవ్యవహారమునకు సుఖము. నింపిన గొట్టములు కొని మార్చుకొనునవి శుభ్రమైనవే గాని, సీసా సిరాకంటె ఖర్చు ఎక్కువ. పల్లెలలో దొరకుటయు కష్టము.

పేరునుబట్టి వెల పెట్టవలసిన పనిలేదు. జర్మనీ దేశపు పెలికాన్ కంపెనీవారి కలములకు గూడబాతు బొమ్మ గుర్తు. అవి మంచివే, కాని తొలి చేతికి అంత వెల అనవసరము. గూడబాతును చూడదలచినచో కైకలూరు దాపున ఆటపాకకు పోయిన చాలును!

దుకాణమున కొనునపుడు పాళీని సిరాలో ముంచి వ్రాసి చూపుమని సంకోచింపక అడుగుడు. మీ కాగితమునే తీసికొనిపోవుడు. ఊరకే గీతలు గీయక ‘లక్ష్మి’, ‘కృష్ణ’, ‘ఉత్సాహము’, ‘స్త్రీ’ అను మాటలను మీ చేతితో వ్రాయుడు. అన్ని దిక్కులకును పాళీ సమముగా తిరుగవలెను. ఎడమకు పోవునపుడు గీరుకొన్నచో మరియొకటి అడుగుడు. విడిపాళీ దొరకునా, నాలిక ఊడదీసి కడుగ వీలగునా యని విచారించుడు. ఈ ప్రశ్నలకు సరియైన జవాబు చెప్పు దుకాణదారునివద్దనే కొనుడు.

సిరా, కాగితము, సంరక్షణ

ఊటకలమున ఊటకలపు సిరానే పోయవలెను. బొమ్మలు వేయు నల్లసిరాలో లక్కవంటి జిగురు పదార్థములుండును; అవి ఎండి నాలికగాడిని శాశ్వతముగా మూసివేయును. సామాన్యపు నీలిసిరా బట్టపై పడినను ఉదుకగా చాలవరకు పోవును. పిల్లలున్న ఇంటికి అదియే తగును. కాని ఆ గుణమే మరియొకచోట దోషమగును. వానకాలమున కొల్లేటి గ్రామములలో గోడకు, పెట్టెకు చెమ్మ చేరుట ఎరిగినదే. తడిసినచో నీలి అక్షరములు కరగిపోవును. కావున అప్పుపత్రములు, సంఘపు లెక్కలు, బ్యాంకు చెక్కులు మాసిపోని సిరాతోనే వ్రాయవలెను; కొనునపుడు సీసాపై ఆ మాట చూచుకొనుడు. మన దేశమున 1931లో బొంబాయియందు దండేకరుగారు ఆరంభించిన కామ్లిన్ సంస్థయు, 1934లో బెంగాలున మైత్రాసోదరులు స్వదేశీ దీక్షతో ఆరంభించిన సులేఖ సంస్థయు సిరాలకు ప్రసిద్ధిగన్నవి. రెండు సిరాలను ఒక కలములో కలుపరాదు.

కాగితము గరుకైనచో, చెమ్మపట్టినచో సిరా దారములవలె ప్రాకును. అది కలము దోషమని నిందింపకుడు. పుస్తకమును పొడిచోట ఉంచుడు, సన్నపాళీ వాడుడు.

నెలకొకమారు చల్లని మంచినీటితో పాళీని, నాలికను కడిగి మెత్తని పాతబట్టపై ఆరనిండు. వేడినీరు పనికిరాదు, ఎబొనైటు కలమును ఎండలో పెట్టినను, నీట నానవేసినను నలుపు తగ్గి వెలవెలబోవును. వ్రాయుట ఆగినంతనే మూత పెట్టుడు. బస్సులోను రైలులోను పోవునపుడు పాళీ పైకి ఉండునట్లు నిలిపి ఉంచుడు. పాళీ మొన నేలకు తగులునట్లు పడినచో కలము చెడును. ఇతర దోషములనేకము కడుగుటతోనే తీరును.

కలము ఎవరిది?

ఇంత చిన్న వస్తువునకు ఇంత విచారమేల యని మరల ప్రశ్న రావచ్చును. భర్తది, కుమారునిది వాడుకొన్న చాలదా? చాలదని మా మనవి. ఒక చేయి చిరకాలము వ్రాసిన పాళీ మొన ఆ చేతి వాలునకు కొంచెము కొంచెముగా అరిగి ఒదుగును. వేరొక చేతికి అది గీరుకొనవచ్చును. ఇది పాళీ మాట. మనస్సు మాటయు ఇట్టిదే. తన కలమున్న చోట తన పుస్తకమొకటి వెలయును. అందు మొదట కూరగాయల లెక్క వ్రాయుదురు. పిమ్మట అత్తగారు చెప్పిన ఆవకాయ పాళ్ళు. పిమ్మట కాపురమునకు పోయిన కుమార్తెకు ఒక జాబు. ఒకనాడు ఎవరికిని చూపని నాలుగు మాటలు.

కనుపర్తి వరలక్ష్మమ్మగారు గృహలక్ష్మి పత్రికలో ‘శారద లేఖలు’ ప్రకటించినపుడు, స్నేహితురాలికి వ్రాయు జాబు రూపముననే నాటి స్త్రీల సమస్యల నెన్నిటినో చర్చించిరి. నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా కేంద్రమున చదివిన పాఠమునుండి తమ గ్రామపు సారా అంగడిని ప్రశ్నించిరి. 1992లో ఆ కదలిక ఉద్యమమై వ్యాపింపగా, 1993 అక్టోబరులో రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. అక్షరము అలవడిన చేయి ఏమి చేయగలదో ముందుగా ఎవరును చెప్పజాలరు. వ్రేలిముద్ర వేయు తల్లికి పేరు వ్రాయ నేర్పదలచిన కుమార్తెలు మన గ్రామములలో నేటికిని గలరు. అట్టివారు పలకతోపాటు ఆమెకొక చౌక కలమును గూడ కొనియిత్తురు గాక.

కాబట్టి సోదరీమణులారా! ఈ మాసపు ఖర్చుల పట్టికలో ఉప్పు పప్పుల నడుమ ఒక కలమును, ఒక సిరాబుడ్డిని చేర్చుడు. తెచ్చిన నాడే మొదటి పుటపై మీ పేరును ఇంటిపేరుతో సహా నిండుగా వ్రాయుడు. పిమ్మట దినమునకొక పుట చొప్పున నెల దినములు వ్రాసి చూడుడు. పాళీ మీ చేతికి, మీ చేయి పాళీకి అలవాటగును. ఆ కలమును ఇంట అందరు ఎరుగునట్లు ఒకచోట ఉంచుడు. ఎవరైన తీసికొన్నచో మరల అచ్చటనే పెట్టుమని నిస్సంకోచముగా చెప్పుడు.